చాంద్‌మారీ కట్ట మీద రాళ్ళు

ఆశన్న మంచివాడని చెప్పడానికి ఖోర్ ఫక్కాన్‌లో ఒక్క సాక్షి దొరకడు. పనివాడు కాదని చెప్పడానికీ దొరకడు. జగిత్యాల దిక్కున పదహారో ఏట నుంచి చెరువు కట్టలు పోసిన చేయి అది. అతను దిమ్మిస కొట్టిన కట్టకు ఎన్ని వానలు పడ్డా బుంగ పడేది కాదు. ఆ సంగతి ఎవరూ అడగకముందే తనే చెప్పేవాడు. అతనితో వచ్చిన చిక్కే అది.

అతన్ని దుబాయ్‌కి తెచ్చింది అక్క భూమవ్వ మొగుడు, హన్మాండ్లు. ఖోర్ ఫక్కాన్ అయినా ఇంకోటైనా ఊళ్ళోవాళ్ళకు అంతా దుబాయే. హన్మాండ్లు అక్కడ ఒక కఫీల్ దగ్గర, అంటే పిలిపించి పనిచ్చే అరబ్బు ఆసామి దగ్గర, మేస్త్రీ. బావా బామ్మర్దుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కారణం చిన్నది కాదు. డెబ్బై ఎనిమిదిలో ఆశన్న తల్లి చనిపోయిందని టెలిగ్రాం వస్తే, హన్మాండ్లు దాన్ని తొమ్మిది రోజులు అంగీ జేబులో పెట్టుకుని తిరిగాడు. స్లాబు పని నడుస్తోందట, ఒక్క మనిషి తక్కువైనా కఫీల్ ఊరుకోడట. పదో రోజున, స్లాబు పోయడం అయ్యాక, తెచ్చి చేతిలో పెట్టాడు. ఆశన్న సముద్రం ఒడ్డున గుండు చేయించుకుని వచ్చి, ఆనాటి నుంచి అతన్ని బావా అని పిలవడం మానేశాడు. మేస్త్రీ అనేవాడు, అదీ ఉమ్మినట్టు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

ఎనభై రెండు చలికాలంలో కఫీల్‌కు తుపాకీ సరదా పుట్టింది. ఇంటి వెనుక ఖర్జూరపు తోట చివర గురి చూసి కాల్చుకుంటాను, తూటాలు ఆగేలా ఒక కట్ట పోయమన్నాడు. కొండ వైపు పోస్తే మేలని హన్మాండ్లు అన్నాడు కానీ, అక్కడ చెట్లు కొట్టాల్సి వస్తుందని కఫీల్ ఒప్పుకోలేదు. ఆయన చూపించిన చోటికి వెనక అరవై అడుగుల్లోనే పనివాళ్ళ రేకుల గది ఉంది. ఆశన్న, ముసలి వెంకట్రాములు, మరో నలుగురు ఉండేది అందులోనే. కట్ట ఆపకపోతే తూటా వచ్చేది వాళ్ళ మీదికే.

హన్మాండ్లు పూర్వం హైదరాబాదులో పోలీసులు కాల్పులు నేర్చుకునే చాంద్‌మారీ దగ్గర మూడేళ్ళు మట్టి మోశాడు. అక్కడ చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"గిది చెరువు కట్ట కాదు ఆశన్నా. ఇసుక జల్లెడ పట్టాలె, శెనగగింజంత రాయి కూడ ఉండొద్దు. గోనె సంచులల్ల నింపి మూడు గజాల మందం పేర్చాలె. ఏటవాలు వద్దు, గోడ లెక్క నిలబెట్టాలె. వెనుక ఖర్జూరపు మొద్దులు, అటొక రెక్క, ఇటొక రెక్క. తూటా ఇసుకల జొచ్చి ఆడనే సావాలె. రాయికి తాకిందనుకో, ఎగిరి మన రేకుల మీదికొస్తది."

"రాళ్ళు పరువని కట్ట కట్టేనా మేస్త్రీ? ఒక్క వానకు జారిపోతది."

"వచ్చేది వాన కాదురా, తూటా!"

"నాకు కట్ట పోసుడు నేర్పుతవా? నువ్వు తట్టలు మోసినోనివి."

హన్మాండ్లు చెప్పింది సబబుగానే ఉందని ఆశన్నకు లోపల అనిపించకపోలేదు. కానీ ఏ నోటి నుంచి వచ్చింది ఆ మాట? నిప్పు కాలుతుందని హన్మాండ్లు చెబితే చేయి పెట్టి చూసే రకం ఆశన్న.

రెండో రోజే కఫీల్ హన్మాండ్లును పంపు సామాన్ల కోసం దుబాయ్ నగరంలోని నైఫ్ బజారుకు పంపించాడు. మేస్త్రీ మూడు రోజులు ఉండడు. ఆశన్నకు ఇంకేం కావాలి? జల్లెడను గోడకు ఆనించి దాని మొహం కూడా చూడలేదు. చెరువు కట్టకు పోసినట్టే మన్ను ఏటవాలుగా పోయించాడు, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాడు, వాగులోంచి నున్నటి రాళ్ళు ఏరి తెప్పించి ముందువైపంతా పరిచాడు. రాయికీ రాయికీ మధ్య వేలు పట్టదు. చూడముచ్చటగా ఉన్న మాట నిజం. పని తెలిసినవాడు పంతానికి చేసిన పని కూడా ముచ్చటగానే ఉంటుంది, అదే దరిద్రం.

వెంకట్రాములు జ్వరంతో మంచం మీది నుంచే అడిగాడు. "ఆయన చెప్పినట్టు చేస్తె నీదేం పోతదిరా?"

"నా ఇజ్జత్ పోతది."

నాలుగో రోజు మధ్యాహ్నం కఫీల్ చెప్పాపెట్టకుండా ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని తుపాకీతో దిగాడు. కట్టను చూసి ముమ్తాజ్, ముమ్తాజ్ అని అరబ్బీలో మెచ్చుకున్నాడు. ఆశన్న రొమ్ము గజమంత పొంగింది. సరిగ్గా అప్పుడే పికప్ వచ్చి ఆగింది. దిగిన హన్మాండ్లుకు ఎండలో మెరుస్తున్న రాళ్ళు కనిపించాయి. ఆశన్నను ఒక్క తిట్టు తిట్టలేదు.

"గదిల ఎవరున్నరు?"

"వెంకట్రాములు. జరమొచ్చింది."

హన్మాండ్లు చేతిలో సంచీ అక్కడే పడేసి, వద్దు వద్దని అరబ్బీలో లా, లా అని అరుస్తూ గది వైపు పరుగెత్తాడు. గురి మీద కన్ను పెట్టిన కఫీల్‌కు ఆ అరుపు చెవిన పడలేదు. మొదటి తూటాకు రాయి పగిలి దుమ్ము లేచింది. రెండోది రాతి మీద జారి, కట్ట దాటి, రేకులోంచి దూరింది. ముసలాయన్ను చంకలో చేయి వేసి గుమ్మం దాటిస్తున్న హన్మాండ్లు కుడి చేతి రెండు వేళ్ళు దానితో పోయాయి. వెంకట్రాములు మంచం మీద ఉండి ఉంటే అది అతని తలలో దిగేది.

కఫీల్ పనులు చూసే మేనేజరు, ముదీర్, పరుగెత్తుకొచ్చాడు. రాళ్ళు ఎవడు పెట్టాడని హిందీలో, అరబ్బీలో రంకెలు వేశాడు. ఆశన్న నోరు తెరిచాడు. ఊరంతా భయపడే ఆ నోరు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పని చేయలేదు. తలగుడ్డ చేతికి చుట్టుకుంటూ హన్మాండ్లే జవాబు చెప్పాడు.

"అనా. నేనే పెట్టమన్న."

అంతే, ఖలాస్. ఆస్పత్రి నుంచి రాగానే వీజా రద్దు, చేతిలో టికెట్టు. కఫీల్ మేస్త్రీ పని తీసుకెళ్ళి ఆశన్నకే ఇచ్చాడు!

వెళ్ళే రోజు ఉదయం హన్మాండ్లు తోట చివరికి వచ్చాడు. ఆశన్న ఒక్కడే వంగి రాళ్ళు ఊడబెరుకుతున్నాడు. తలెత్తి చూశాడు. నాలుగేళ్ళుగా పలకని మాట పలికాడు.

"బావా..."

"ఇప్పుడు యాదికొచ్చిందా ఆ మాట?" హన్మాండ్లు కట్టు కట్టిన చేతిని రొమ్ముకు ఆనించుకున్నాడు. "నీ మీద పావురంతోనో ప్రేమతోనో నా మీదేసుకోలేదు. నిన్ను పంపిస్తే నీ అక్క నన్ను బతకనియ్యది. తొమ్మిది దినాలు నేను దాస్తే నాలుగేండ్లు తిట్టినవు. నీ తప్పు నేను సచ్చేదాక దాస్తా. ఎవడు పెద్ద దొంగనో నువ్వే చెప్పుకో."

వెనక్కి చూడకుండా పికప్ ఎక్కాడు. ఆ క్షణంలో కూడా ఆశన్నకు అతనంటే ఒళ్ళు మండింది. మేలు చేస్తూ కూడా గుండెలో కత్తి దింపగలడు ఆ మనిషి. కోపాన తెగిన ముక్కు శాంతాన అతకదంటారు, వేళ్ళూ అంతే.

ఆశన్న మన్నంతా తవ్వి పారేశాడు. జల్లెడ తనే పట్టాడు, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఇసుక సంచులు మూడు గజాల మందం, గోడలా, రెండు రెక్కలతో లేచాయి. ఆ తరవాత కఫీల్ ఎన్నిసార్లు కాల్చినా తూటాలు అక్కడే చచ్చాయి.

రెండు నెలలకు భూమవ్వ ఉత్తరం వచ్చింది. ఎవరిచేతనో రాయించింది.

"తమ్మీ, మీ బావ రాళ్ళు పెట్టించి తన చెయ్యి తనే పోగొట్టుకున్నడట. పని తెల్వని మనిషని నువ్వు అననే అంటివి, నేనే నమ్మకపోతిని. ఇప్పుడు పార పట్టలేడు, బువ్వ కలుపుకోరాదు. కట్టలు పోసినోనివి గదా నువ్వు, ఆ రాళ్ళు వద్దని ఒక్క మాట నువ్వన్న చెప్పకపోతివా?"

ఆశన్న దాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. జవాబు రాయడానికి రోజూ సాయంత్రం కాగితం తీశాడు. పదో రోజున కూడా ఆ ఉత్తరం జేబులోనే ఉంది.