సర్దారు కంచె కట్టిన వంతెన

1972 ఎండాకాలం చివర గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ సివిల్ విభాగపు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసిన నక్షా మీద పలుచని గుడ్డ పరిచి, సిరాతో మళ్లీ గీయడం ట్రేసర్ పని. హోదాలో అందరికన్నా కింద. ఎవరితోనూ మాట్లాడవలసిన అవసరం లేని ఉద్యోగం కాబట్టి నాకు నచ్చింది. మరుసటి వానాకాలంలో ఇంజనీరు గారు పిలిచి, "నువ్వు పుస్తకాలు చదువుతావట కదా, మన ఇనుప వంతెన చరిత్ర రాయి" అన్నారు.

ఆ వంతెన బొగ్గు రైలు బండ్లు ఆగే సైడింగు పట్టాల మీదుగా ఉండేది. ఒకవైపు కార్మికుల క్వార్టర్లు, రెండోవైపు దవాఖాన, బజారు. నిజాం కాలంలో ఎక్కడో ఒక రైల్వే స్టేషన్లో నిలబెట్టిన కాలివంతెన అది. అక్కడ కొత్తది కట్టాక, దీన్ని ముక్కలుగా విప్పి, గూడ్సులో ఇక్కడికి తెచ్చి, మళ్లీ బోల్టులతో బిగించారు. అది పోత ఇనుముది, అంటే ఇనుమును కరిగించి అచ్చులో పోసినది. అందుకే స్తంభాల మీద ఆకులూ తీగలూ, మెట్ల పలకల్లో పూల జాలీ ఉండేవి. పూలన్నీ బొగ్గు ధూళి పట్టి నల్లగా ఉండేవి.

ఇంతకూ చరిత్ర ఎందుకంటే, ఆ వంతెనను ఎవరూ ఎక్కడం లేదు.

మా క్వార్టర్ల వరసలో మల్లయ్య కాక అని ఒక సర్దారు ఉండేవాడు. గనిలో షిఫ్టు పని మొదలు కాకముందు పైకప్పును కర్రతో తట్టి చూడటం సర్దారు బాధ్యత. ఖంగుమంటే గట్టి కప్పు. మొద్దుగా పలికితే లోపల పొర విడిందని అర్థం. అక్కడ రెండు కర్రలు అడ్డంగా కడతాడు. ఇక ఆ కంచె దాటి ఎవరూ పోరు. ఒకరోజు వంతెన మీది రంగు పెచ్చు ఊడి కాక భుజం మీద పడింది. అలవాటు కొద్దీ రైలు పట్టాను తట్టాడు, వంతెన స్తంభాన్ని తట్టాడు. పట్టా ఖంగుమంది. స్తంభం మొద్దుగా పలికింది. అంతే, మెట్ల దగ్గర రెండు వెదురు బొంగులు అడ్డంగా కట్టేశాడు.

పోత ఇనుము స్వభావమే అంత, ఉక్కులా మోగదు. కానీ కాలనీ అంతా సర్దారు చెవిని నమ్మి బతుకుతున్నవాళ్లే. కాబట్టి జనం ఆగి ఉన్న బొగ్గు బండ్ల కింద నుంచి దూరి అవతలికి పోవడం మొదలుపెట్టారు. మోగని వంతెనకు భయపడి, ఎప్పుడు కదులుతాయో తెలియని చక్రాల మధ్య పాకేవారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలా పాకేవారిలో మా అమ్మ ఒకతె. ఆమె దవాఖానలో ఆయా. ఒక సాయంత్రం సగం చిరిగిన కొంగుతో ఇంటికి వచ్చింది. బండ్ల కింద ఉండగానే ఇంజను గుంజిందట, కొంగు చక్రం కింద పడిందట. "కొంగే గద పోయింది, నేను రాలేదా?" అని నవ్వింది. వంతెన ఎక్కమని బతిమాలాను.

"మల్లన్న కంచె కట్టిండు. మీ నాయిన గనిల ఉన్నన్నాళ్లు ఆయన చెప్పిన జాగలనే నిలవడ్డడు. ఇప్పుడు నీ సార్లు చెప్తె ఎక్కాల్నా?" అంది.

ఆఫీసు తనకు తోచినవన్నీ చేసింది. కాపలావాణ్ణి పంపి బొంగులు విప్పించింది. కంచె కట్టినవాడే తీయాలని గనిలో పద్ధతి కాబట్టి, బొంగులు పోయినా కంచె పోలేదు. ఇసుక బస్తాలు పేర్పించి బరువు పరీక్ష చేయించింది. "కప్పు గూడ పడేదాక బరువు మోస్తనే ఉంటది" అన్నారు జనం. చివరికి నేను రాసిన చరిత్రను వంతెన మెట్ల దగ్గర బోర్డు మీద అతికించారు. ఇన్నేళ్లుగా నిలిచి ఉందని తెలిస్తే నమ్మకం కలుగుతుందని ఇంజనీరు గారి ఊహ. ఒకాయన దాన్ని పక్కవాడితో చదివించుకుని, "ఓర్నీ, తాతల నాటిదా! నేనింక కొత్తదే అనుకున్న" అని తిరిగి బండ్ల కిందనే దూరాడు.

ఇక లాభం లేదని నేనే మల్లయ్య కాక ఇంటికి వెళ్లి పోత ఇనుము సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. వాళ్లింట్లో కుట్టు మిషను ఉంది. దాని కాళ్లు పోత ఇనుమే. అది తట్టి చూడమన్నాను. ఆయన కర్ర తీసుకుని వంగగానే ఆయన భార్య లచ్చవ్వ లోపలినుంచి కేకేసింది.

"ఓ ముసలోడా! బ్రిడ్జి బందువెడితివి, ఇప్పుడు నా మిషినుకు గూడ కంచె కడ్తవా?"

మిషను కాలు మొద్దుగానే పలికింది. ఆయన రెండో కాలూ తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. "సరే బిడ్డా, ఈ ఇనుము జాతే గంత. నా చెవుదే తప్పు" అన్నాడు.

"మరి కంచె తీస్తవా కాకా?"

"తియ్య."

"ఇంకెందుకు తియ్యవు?"

"సప్పుడు వేరే, కంచె తీసుడు వేరే. జాగ మంచిగున్నదని చెప్పేటోడు ముందుగాల తానే ఆడ నిలవడాలె. గని నాకెరుక, నిలవడ్త. బ్రిడ్జి మీ సారుకెరుక. ఆయన ఒక్కసారన్న ఎక్కిండా?"

ఎక్కలేదు. బస్తాల పరీక్ష రోజున కూడా ఆయన కింద గొడుగు వేసుకుని నిలబడ్డారు.

ట్రేసర్ పిలవకుండా ఇంజనీరు గదిలోకి వెళ్లే ఆచారం లేదు. మరునాడు మధ్యాహ్నం దాకా తటపటాయించి వెళ్లాను. "లెక్కలున్నాయి, పరీక్ష అయింది. నేనెక్కితే దానికి కొత్తగా బలం వస్తుందా?" అని ఆయన విసుక్కున్నారు. ఆయన అన్నది నిజమే. అందుకే నాకు ఇంకా చిరాకేసింది. "మా అమ్మ రోజూ బండ్ల కింద పాకుతోంది సార్" అన్నాను.

సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు ఆయన వంతెన దగ్గరికి వచ్చారు. సారు వస్తున్నారని విని, విప్పాలంటే ఉండాలి కదా అని మల్లయ్య కాక మళ్లీ బొంగులు కట్టి ఉంచాడు. జనం చూస్తుండగా ఇంజనీరు గారు వాటి కింద నుంచి వంగి పైకి వెళ్లి, వంతెన నడుమ నిలబడ్డారు. అప్పుడే కింద నుంచి ఇంజను పోయింది. పొగలో మనిషి కనబడలేదు.

"సార్ ఉన్నడా, పోయిండా?" అని ఎవరో అరిచారు.

పొగ విడేసరికి ఆయన నల్లబడ్డ చొక్కాతో, దగ్గుతూ అక్కడే ఉన్నారు. మల్లయ్య కాక బొంగులు విప్పి పక్కన పడేసి తానూ ఎక్కాడు. ఆయన వెనక అమ్మ ఎక్కింది. మెట్ల మీద ఆగి నాతో, "గీ పని ముందుగాలనే చేస్తె నా కొంగు మిగిలేది గద" అంది.

బోర్డు మీది చరిత్ర చదివి ప్రజలకు నమ్మకం కలిగిందని ఇంజనీరు గారు పైవారికి నివేదిక పంపారు. దాని సాపు ప్రతి రాసింది నేనే.

తర్వాత నేను డ్రాఫ్ట్స్‌మన్‌నయ్యాను, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. మెట్లు, అటకలు, కాలివంతెనలు ఎన్నో గీశాను. కట్టాక, తనిఖీ చేశానని సంతకం పెట్టేముందు ప్రతిదాన్నీ ఎక్కి చూసేదాన్ని. దానివల్ల కట్టడానికి బలం పెరగదని నాకూ తెలుసు. లెక్కలో తప్పుంటే అది ముందు నా కాళ్ల కిందనే బయటపడాలి.