మావయ్య స్టాంపు, కొండమీది నీళ్ళు

మావయ్య పోయాడని ఒక ఆదివారం పొద్దున అత్తయ్యే ఫోన్ చేసి చెప్పింది. మా అమ్మకి అన్నయ్య ఆయన. శాంటా క్లారాలో గుండె డాక్టరుగా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. నేను మాత్రం కంజు పిట్టల మావయ్య అనే చెప్పుకుంటాను, అదీ గర్వంగా.

వేటంటే ఆయనకి ప్రాణం. అత్తయ్యేమో శాకాహారి. తుపాకీ గరాజ్ దాటి ఇంట్లోకి రాకూడదని ఆమె శాసనం. కాపురం మొత్తంలో ఆ ఒక్క విషయంలో మావయ్య గెలిచిందే లేదు.

కంజు పిట్టల వేటకు ఇక్కడ లైసెన్స్‌తో పాటు ఏటేటా ఒక స్టాంపు కూడా కొనాలి, అది లేకుండా వేటాడితే నేరం. ఆ డబ్బు ఆ పిట్టలు బతికే పొదలకీ, నీళ్ళకీ వెళ్తుంది. ఒకసారి సీజన్ మొదటి రోజున మావయ్య నన్ను వెంటబెట్టుకుని అంత దూరం డ్రైవ్ చేసి, ఎప్పుడూ వేటాడే కొండ చేరాక, జేబులో ఉన్నది పాత ఏడాది స్టాంపని చూసుకున్నాడు. చుట్టూ ఒక్క మనిషి లేడు. పొదల్లో కంజులు పిలుస్తున్నాయి.

"ఎవరు చూడొచ్చారు మావయ్యా?" అన్నాను.

"పిట్టలు చూస్తున్నాయి కదరా!" అని నవ్వాడు. తుపాకీ పెట్టె తెరవనేలేదు.

ఆ రోజంతా నాతో కొండమీద పిట్టలు తాగే నీళ్ళ తొట్టి శుభ్రం చేయించాడు. వాన నీళ్ళు రేకుల మీంచి జారి అందులో పడేలా స్టాంపు డబ్బుతోనే కట్టారట. చేతులు బొబ్బలెక్కి నేను విసుక్కుంటుంటే తొట్టి అంచు తట్టి, "ఇందులో కాస్త నాదిరా" అన్నాడు. ఆస్పత్రి గోడ మీద తన పేరు చూపించినప్పుడు కూడా ఆయన గొంతు అలా పలకలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది.

తర్వాత కరువొచ్చింది. ఏళ్ళ తరబడి వానలు ముఖం చాటేశాయి, తొట్టి అడుగు బయటపడింది. మావయ్య వేట మానేశాడు. వన్యప్రాణి శాఖవాళ్ళ పర్మిషన్ తీసుకుని, డెబ్బై దాటిన ఒంటితో క్యాన్లు మోసి నీళ్ళు పోసొచ్చేవాడు. స్టాంపు కొనడం మాత్రం మానలేదు.

"షూట్ చేయనప్పుడు స్టాంపెందుకండీ?" అని అత్తయ్య దెప్పింది.

"కొట్టడానికి తూటా చాలే. స్టాంపు పిట్టలుండడానికి. నేనుండగా ఆ కొండ ఖాళీ కాకపోతే అదే చాలు."

ఆ తర్వాత ఆయన బయల్దేరే ముందు క్యాన్లన్నీ అత్తయ్యే నింపి పెట్టేది.

ఆయన పోయాక మళ్ళీ సీజన్ వచ్చింది. అత్తయ్య నన్ను వేట సామాన్ల షాపుకి తీసుకెళ్ళమంది. తుపాకుల వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచింది. "ఈసారి స్టాంపు నాకు కొనరా" అంది.

అటునుంచి అటే కొండకి వెళ్ళాం. ఆ వారమే పడ్డ వానకి తొట్టిలో నీళ్ళు చేరాయి. మావయ్య కూర్చునే రాయి మీద అత్తయ్య కూర్చుంది. నేను ఫోటో తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పొదలోంచి ఒక కంజు, తలమీది నల్లటి తురాయి ఊపుకుంటూ దిగొచ్చింది. దాని వెనక గుంపంతా వచ్చింది. చున్నీ గాలికి ఎగరకుండా ఒళ్ళో అదిమిపట్టుకుని, ఆ పిట్టలన్నీ తాగి వెళ్ళేదాకా అత్తయ్య కదల్లేదు.