ఉస్తాదమ్మ అనుమతి కోసం కల్వకుర్తి దాకా

మా వీధిలో కొందరు తల్లులు తమ ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పమని ఈమధ్య నన్ను అడిగారు. నేను పదో తరగతితో చదువు ఆపిన ఇల్లాలిని, మదర్సా మెట్లు ఎక్కినదాన్ని కాదు. నాకు వచ్చిందంతా చిన్నప్పుడు మా పుట్టింటి ఊళ్లో ఇమాంబీ ఉస్తాదమ్మ నేర్పిందే. ఆవిడ పరుపులు కుట్టుకుంటూ మా చేత చదివించేది. మాకు చదువు చెప్పినవాళ్ల నోటి నుంచి 'నేర్పు' అన్న మాట రానిదే ఇంకొకరికి నేర్పడానికి కూర్చోవడం మంచిది కాదని మా ఇళ్లల్లో నమ్మకం. ఆవిడ వద్దంటే నేను మొదలుపెట్టను. ఆ మాట అడగడానికే నల్లగొండ నుంచి బయలుదేరాను.

తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించుకుని ఆరింటికి దేవరకొండ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టుకు డబ్బులు కట్టే పని లేదు. దేవరకొండ బస్టాండులో ఇడ్లీ తిని, డిండి మీదుగా కల్వకుర్తి పోయే బస్సులో కూర్చున్నాను. డిండి దగ్గర నీళ్లు నిండుగా కనిపించాయి. ఆ తర్వాత దారి పొడవునా పత్తి ఏరుతున్న కూలీలే. కల్వకుర్తిలో దిగేసరికి పది దాటింది. అక్కడి నుంచి మా పుట్టింటి ఊరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. ఆటో నడిపే యాదయ్య కులాసా మనిషి.

"ఫ్రీ బస్సు వచ్చినకాడికెళ్లి ఆడోళ్లు మా ఆటోల మొఖం సూస్తలేరు. నువ్వెక్కినవ్, నీకు దండం పెట్టాలె అక్కా."

"మా ఊరికి బస్సుంటే నేను సుత ఎక్కకపోదును తమ్మీ," అన్నాను.

నవ్వి, ఎవరింటికని అడిగాడు. పరుపులు కుట్టే ఇమాంబీ ఇంటికన్నాను. అతని నవ్వు తగ్గింది. "గా అవ్వకు పోయిన చలికాలంల పక్షవాతం వచ్చింది గదా. మాట పడిపోయింది. ఇప్పుడిప్పుడే జర జర వస్తాంది. నీకు ఎర్క లేదా?"

మావాళ్లెవరూ ఇప్పుడు ఆ ఊళ్లో లేరు, నాకు తెలియదు. మిగతా దారంతా ఆవిడ కోసం దువా చేస్తూ కూర్చున్నాను. నేనడగబోయే మాట ఇక దొరకదేమోనన్న బెంగ కూడా మధ్యలో కలిగింది.

ఉస్తాదమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. నన్ను గుర్తుపట్టి ఎడమ చెయ్యి తల మీద పెట్టింది. "బిడ్డా" అన్న మాట స్పష్టంగానే వచ్చింది. వచ్చిన పని చెప్పాను. ఆవిడ కోడలు జైనబీకి సైగ చేసి నీళ్లు తెప్పించుకుని, చేతులు, ముఖం, కాళ్లు కడుక్కుని వజూ చేసుకుంది. నా వైపు తిరిగి అల్‌హమ్దు సూరా మొదలుపెట్టింది. ఖురాన్‌లో మొదటిది, ప్రతి నమాజులో ప్రతి రకాతులో, అంటే ప్రతి ఆవృత్తిలో చదవాల్సిన అధ్యాయం అది. రెండు వాక్యాలు చదివి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు.

"రోజు గక్కడనే ఆగుతది అక్కా," అంది జైనబీ. "నమాజుల ఆగి ఏడుస్తది. నేను అందిద్దమంటే నాకేమో సక్కగ రాదాయె. కోడలు తప్పు సదివితె అత్త ఊకుంటదా?"

ఉస్తాదమ్మ పెదవి ఒకవైపు నవ్వింది.

మూడో వాక్యం నేను అందించాను. ఆవిడ నా నోటి వైపు చూస్తూ తిప్పి చెప్పింది. ఒక వాక్యం నిలిచాకే ఇంకొకటి. మాకు నేర్పింది అలాగే. చివరి మాటను సాగదీయాల్సినంత సాగదీయకుండా నేను తొందరపడితే వేలెత్తి ఆపింది. మళ్లీ చదివించి తల ఊపింది. నా తప్పు ఆవిడ పట్టుకున్నందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం జొహర్ నమాజుకు ఆవిడ మంచం మీదే కూర్చుంది. పక్కనున్న నాకు గుసగుసగా వినిపిస్తూనే ఉంది. మూడో వాక్యం దగ్గర ఆగింది. కాసేపటికి తనంతట తానే అందుకుని చివరి దాకా వెళ్లింది.

సలాం తిప్పి నమాజు ముగించాక ఎడమ చేత్తో ముఖం తుడుచుకుంది. "నేర్పు," అంది. కాస్త ఆగి, "నాకు... చెప్పినట్టె... నేర్పు."

జైనబీ పెట్టిన జొన్నరొట్టె, గోంగూర తిని మూడింటికి బయలుదేరితే ఇల్లు చేరేసరికి ఎనిమిదయింది. మనిషి కన్నుమూశాక కూడా ఆగకుండా అందే పుణ్యాల్లో, పదిమందికి పనికొచ్చే విద్య ఒకటని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇచ్చినవాళ్లు బతికుండగానే అది వాళ్ల చేతికి తిరిగి అందడం ఆ రోజు చూశాను. అందులో నా సొంతం ఏమీ లేదు, అల్లాహ్ దయ. ఇప్పుడు సాయంత్రం పిల్లలు కూర్చోగానే జైనబీకి ఫోను చేస్తాను. మొదట ఉస్తాదమ్మ చదువుతుంది, పిల్లలు వింటారు. ఆ తర్వాతే మా పాఠం.

మీరూ ఇలా చదువు చెప్పినవాళ్లను చూడడానికి వెళ్తుంటే పొద్దున మొదటి బస్సే ఎక్కండి. మధ్యాహ్నం చేరితే పలకరించి లేవడానికే సరిపోతుంది, వాళ్ల పక్కన కూర్చోవడానికి సమయం మిగలదు.