తప్పు నాదేనని రాసిన సార్

మా కంప్యూటర్ సార్ పోయారని గురువారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. కౌకూర్‌లో వాళ్ల చర్చి సమాధుల తోటలో పిడికెడు మట్టి వేసి వచ్చాను. ఆయన గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోకపోతే మనసు ఊరుకునేలా లేదు.

రెండు వేల దశకం మొదట్లో, మేడ్చల్ రోడ్డులోని మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ల్యాబ్ చూసేవారు. మా వెనక నిలబడి చూసేవారు కాదు, పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. "నిలవడి సూస్తే తప్పులే కనవడ్తయి. కూసుంటే మనిషి కనవడ్తడు" అనేవారు.

ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగలిగే ఒక సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాసే వీలు కల్పించడానికి నేనూ ఆయనా మూడేళ్లు పనిచేశాం. కొత్త వెర్షన్ విడుదలకు మూడు రోజులుందనగా, దాన్ని ముందే వాడి చూస్తున్న శామీర్‌పేట బడి టీచరమ్మ పరుగున వచ్చింది.

"మస్తు సతాయిస్తాంది సార్. అక్షరం కొట్టి చాయ్ తాగొచ్చినా పడ్తలేదు. పాతది గిట్ల లేకుండె."

బాగుచేయకపోతే ఈసారికి తెలుగును తీసేస్తామని విడుదల చూసేవాళ్లు మెయిల్ పెట్టారు. ఏ మార్పుతో నెమ్మదించిందో పట్టుకోవడానికి పాత వెర్షన్లన్నీ ఒక్కొక్కటే ఎక్కించి చూశాను. రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. ఒక్క అక్షరం కొడితే పేజీ మొత్తాన్ని మళ్లీ గీస్తోంది. ఆ మార్పు కింద దాన్ని రాసినవాళ్ల పేరు చూస్తుండగా సార్ స్టూలు దగ్గరికి లాక్కున్నారు.

"ఎవరిది బిడ్డా?"

"మీదే సార్."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కీబోర్డు తన వైపు లాక్కున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లందరికీ మెయిల్ రాశారు: తప్పు నాదే, పట్టుకున్నది నా విద్యార్థిని.

"పేరెందుకు సార్, బాగుచేసినమంటే సాలదా?"

"దాస్తే గిదే తప్పు రేపు ఇంకొకరు జేస్తరు. ఇగ నువ్వు రాయి, నేను సూసి నేర్చుకుంట."

మారిన అక్షరం వరకే గీసేలా రాశాను. మర్నాడు టీచరమ్మ కంప్యూటర్‌లో అక్షరాలు వేళ్ల వెంటే వచ్చాయి. తెలుగు నిలబడింది.

ఉద్యోగంలో పడ్డాక, ఆయన్ను చూడ్డానికి కౌకూర్ వెళ్లాలని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. వెళ్లలేదు. ఆయనకు జబ్బు చేసిందని కూడా నాకు తెలియదు.

ఆ వెర్షన్ విడుదలైన సాయంత్రం మేడ్చల్ బస్టాప్‌లో ముసురు పట్టింది. బండి మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, మా మక్కబుట్ట, సార్ ఒకటి కొని, విరిచి, పెద్ద ముక్క నాకిచ్చారు. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. కళ్లద్దాల నిండా చినుకులతో, వేడి ముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ నిలబడి ఉన్నారు.