గంటల మోటారు

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియని సంగతులు చాలా తక్కువ. అవి ఆ తర్వాతే ఒక్కొక్కటిగా పెరుగుతూ వస్తాయి. నేను కాలువల సర్వేలో ఓవర్సీరుగా చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ లేదు. కరెంటు గురించైతే మరీను. మా ఊళ్ళో కరెంటు లేకపోవడం వల్ల నా విద్యను పరీక్షించినవాళ్ళు ఎవరూ లేరు, అది వేరే సంగతి.

నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి అవతల, ఎర్రనేలలో, గుండ్ల నడుమ మా డేరాలు ఉండేవి. పగలంతా గొలుసులు లాగి కొలతలు తీసుకోవడం, పొద్దుగూకాక కందిలి ముందు కూర్చుని ఆ లెక్కలు వేయడం, ఇదే పని. కందిలి వెలుతురులో మూడుకూ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. (కాలువ ఒకచోట గుట్ట ఎక్కినట్టు నా లెక్కల్లో తేలితే, తప్పు కందిలిదేనని మా పెద్ద సారుకు చెప్పాను. ఆయన నమ్మలేదు.) మాకు ఒక లారీ ఉండేది. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేస్తే మా ఆఫీసు తెచ్చుకున్నది. దాని డ్రైవరును అందరం మామ అనేవాళ్ళం. ఎవరికి మామో ఎవరికీ తెలియదు. మామకు రెండు నియమాలు ఉండేవి. ఇంజను ముందు పెట్టి తిప్పే ఇనుప హ్యాండిలు సీటు కింద లేనిదే లారీ ఎక్కడు. సాయంత్రం లారీని ఎప్పుడూ దిగుడుకు ముఖం చేసే నిలుపుతాడు, తెల్లారి స్టార్టు కాకపోతే కాస్త నెడితే చాలునని. "సెల్ఫును నమ్మితే బర్రెను నమ్మినట్టే సారూ. బుద్ధి పుడితే లేస్తది, లేకుంటే పండుకుంటది" అనేవాడు.

ఆ నియమాలు నాకు మహా మొరటుగా కనిపించాయి. భువనగిరిలో మూలపడ్డ లారీ నుంచి ఒక బ్యాటరీ సంపాదించి, చార్జి చేయించి, మా లారీలో రెండోదిగా అమర్చాలని సంకల్పించాను. ఇంజను నడుస్తుంటే రెండూ నిండుతాయి. ఇంజను ఆగగానే నడుమనున్న మీట విడదీస్తే, డేరాలో వెలిగే బల్బు రెండోదాన్నే వాడుకుంటుంది, మొదటిది తెల్లారి బండి లేపడానికి భద్రంగా ఉంటుంది. కాగితం మీద బొమ్మ గీసి మామకు చూపించాను. మామ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచిగనే ఉంది గని సారూ, గీ డబ్బ ఎక్కడ పెడ్తవ్?" అని అడిగాడు. సీటు కిందే, హ్యాండిలు ఉన్న జాగాలో. మరి హ్యాండిలో? భువనగిరి స్టోరులో. "రెండు బ్యాటరీలున్న బండికి ఇంకా హ్యాండిలు ఎందుకు మామా?" అన్నాను. మామ హ్యాండిలు తీసి నా చేతిలో పెట్టాడు. లారీని దిగుడు మీద నిలిపితే నా తీగ డేరాదాకా అందదు కాబట్టి ఆ రెండో నియమాన్నీ నేనే రద్దు చేశాను. లారీ ఇక నా డేరా పక్కన, చదును నేల మీద, రాజసంగా నిలబడేది.

బ్యాటరీ బిగించిన రోజు దసరా. మా వంట తాత పొద్దున్నే గొలుసులకూ గడ్డపారలకూ లారీ చక్రాలకూ పసుపు కుంకుమలు పెట్టి, కొత్త బ్యాటరీ దగ్గరికి వచ్చి, తీగలు బిగించే దాని రెండు కొమ్ములకూ తడిపసుపు దట్టంగా పూశాడు. తుడవబోయాను. "తుడువకు సారూ, పండుగ పూట!" అని కేకేశాడు. విద్య నేర్చినవాణ్ణే గానీ దసరా నాడు పసుపు తుడిచే ధైర్యం నాకు లేదు. ఇంజను నుంచి వచ్చే లావు తీగను ఆ పసుపు మీదనే బిగించాను. బల్బు తీగ సన్నది, దానికి మాత్రం శుభ్రమైన చోటు దొరికింది. సాయంత్రం బల్బు వెలిగింది. గొలుసు లాగేవాళ్ళంతా లేచి నిలబడి దానికి దండం పెట్టారు. అందులో కొంత నాకూ చెందుతుందని అనుకున్నాను.

వారం తర్వాత మామ తన తల్లిని క్యాంపుకు తీసుకొచ్చాడు. అవ్వకు రెండు కళ్ళకూ పొరలు కమ్మి ఏడాదిగా చూపు లేదు. నల్లగొండ దవాఖానకు పట్నం నుంచి కళ్ళ డాక్టరు మరునాడు వస్తున్నాడు. పది గంటలలోపు వచ్చినవాళ్ళకే ఆపరేషను, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. తెల్లారకముందే లారీలో తీసుకుపోవడానికి మా పెద్ద సారు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం అవ్వను నా డేరా ముందు కూర్చోబెట్టారు. నేను బల్బు వేశాను. ఆమె ముఖం చటుక్కున ఇటు తిరిగింది.

"ఏందిరా గది, తెల్లగ కనబడ్తాంది?"

"గది మా సారు లైటే అమ్మా" అన్నాడు మామ, నా తరఫున గర్వంగా.

"ఏడాదాయె బిడ్డా నేను తెలుపు చూడక. జరసేపు ఉంచుతవా?"

ఉంచనా మరి! అవ్వ ఆ వెలుతురు కేసి ముఖం పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నా చదువుకు అంతకంటే పెద్ద సన్మానం మళ్ళీ జరగలేదు. అయితే కాసేపటికి బల్బు ఎర్రబడడం మొదలైంది. (లావు తీగ కింద పసుపు గట్టిపడి అడ్డుపడిందనీ, రెండో బ్యాటరీ ఈ వారంలో ఒక్క రోజూ నిండలేదనీ, భువనగిరిలో ఎక్కించుకొచ్చిన చార్జినే అరగదీస్తున్నామనీ నాకు అప్పుడు తెలియదు.) "తగ్గుతాంది బిడ్డా" అంది అవ్వ దిగులుగా. నేను లేచి, ఎవరికీ చెప్పకుండా, బల్బు తీగను తీసి లారీ అసలు బ్యాటరీకి తగిలించాను. పది నిమిషాలకే అనుకున్నాను. అవ్వ సంతోషపడింది. తర్వాత ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది, నేను లెక్కల పుస్తకం మీద తల వాల్చాను. బల్బు మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది.

తెల్లవారుజామున మామ సెల్ఫు నొక్కితే 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చింది. మళ్ళీ నొక్కితే అదీ లేదు. మామ దిగి, అలవాటుగా సీటు కింద చెయ్యి పెట్టి, అక్కడున్న డబ్బాను తడిమి, నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తీగను నేనే మార్చానని నసుగుతూ చెప్పాను. మామ తువ్వాల తలకు చుట్టుకుని పక్క ఊరి వైపు పరుగెత్తాడు. చదును మీద మేము ఎనిమిదిమందిమి నెట్టినా లారీ రెండు బారలు కదిలి రాయికి ఆనుకుంది. అంతలో మామ రెండు జతల ఎడ్లతో, దుక్కికి బయలుదేరిన ఇద్దరు రైతులతో తిరిగి వచ్చాడు. మోకులు కట్టారు. అవ్వ అప్పటికే ముందు సీటులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఏమీ చెప్పొద్దని మామ నోటిమీద వేలు పెట్టి సైగ చేశాడు, అపశకునమని వెనక్కి తిరుగుతుందేమోనని అతని భయం.

దిగుడు మొదలయ్యే చోటు అరమైలు దూరం. ఎడ్లు లాగుతున్నాయి, మేము వెనక నెడుతున్నాము, లారీ కందిచేల పక్కన ఎడ్ల మెడగంటలు మోగించుకుంటూ సాగుతోంది.

"మంచిగ పోతాంది కొడుకా" అంది అవ్వ లోపలినుంచి. "కుదుపే లేదు. గింత సల్లగ ఎన్నడన్న నడిపినవా?"

స్టీరింగు పట్టుకున్న మామ "ఊ" అన్నాడు.

"మోటారుకు గంటలు గూడ పెట్టిన్రా?"

"పెట్టినం అమ్మా. మా సారు పెట్టిచ్చిండు."

నెడుతున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక చేతులు వదిలేశారు. నాకు మాత్రం కళ్ళు మండాయి, ఏడుపో చెమటో చెప్పలేను. దిగుడు దగ్గర ఎడ్లను విప్పారు. లారీ దొర్లింది, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది, ఆఖరికి గుర్రుమంది. నేను పరుగెత్తి ఎక్కాను.

నల్లగొండ చేరేసరికి పది దాటి చాలాసేపైంది. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి మేమిద్దరం లోపలికి పోయాము. పేర్లు రాసుకోవడం అయిపోయిందన్నాడు డాక్టరు. "నేనే లేటుగ లేసిన సార్, తప్పు నాదే" అని మామ చేతులు జోడించాడు. ఆ మాటతో నేను బయటపడిపోయినట్టే. ఒక్క క్షణం నోరు మూసుకునే నిలబడ్డాను కూడా, దాచడం దేనికి? ఆ ఒక్క క్షణం గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత ముందుకు వచ్చి, బల్బు, తీగ, హ్యాండిలు, ఎడ్లు, గంటలు, అన్నీ చెప్పేశాను. గంటల దగ్గరికి వచ్చేసరికి డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చివరన చేస్తాను, తీసుకురండి" అన్నాడు.

కట్టు విప్పిన తర్వాత ఆమెను తీసుకురావడానికి మామతో నేనూ వెళ్ళాను. అప్పటికి హ్యాండిలు సీటు కిందికి తిరిగి వచ్చింది. పసుపు గీకేసిన రెండో బ్యాటరీ లారీ వెనకవైపుకు చేరి బుద్ధిగా పనిచేస్తోంది. అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏందిరా, లైటు సారు గీ పిలగాడేనా? మీసాలు గూడ రాకపాయె" అంది. తర్వాత లారీ చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. ముందు చూసింది, వెనక చూసింది, వంగి చక్రాల కింద కూడా చూసింది.

"గంటలేవి బిడ్డా?"

మామ నా వైపు చూశాడు. డాక్టరు ముందు అన్ని నిజాలు చెప్పినవాణ్ణి, ఆ కొత్త కళ్ళ ముందు ఒక్కటీ చెప్పలేకపోయాను.

"దుమ్ము పడుతుందని విప్పి దాచిపెట్టాం అవ్వా."

"మల్ల పెట్టుండ్రి. మంచిగుండె" అంది ఆమె, ఎక్కి కూర్చుంటూ.

ఇప్పుడు నా ఇంట్లో కరెంటు పోయిన సంగతే తెలియదు, మెట్ల కిందున్న బ్యాటరీ చూసుకుంటుంది. దసరా నాడు మా ఆవిడ దానికి కుంకుమ పెడుతుంటే, కొమ్ములకు తగలకుండా నేను పక్కన నిలబడి కాపలా కాస్తాను. ఈ ముసలాయనకు చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఎప్పుడైనా దారిలో ఎడ్ల గంటలు వినబడితే మాత్రం నడక ఆపి నిలబడతాను. విప్పి దాచిపెట్టామన్నాను గదా, ఎక్కడ పెట్టానా అని ఒక్క క్షణం నిజంగానే వెతుక్కుంటాను.