తెర వెనక నుంచి చూసిన చేయి

సినిమా గుడారం మా పక్క ఊరికి వచ్చిన ఏడాది పెన్న ఎండిపోయి ఉంది. నాకు పెళ్లయి అప్పటికి ఏడాది దాటింది. ఆ వేసవి మొదట్లోనే మా ఊరి పెద్ద రైతు ఇంట్లో ఒక కొడుకును ఎవరో బావి దగ్గర వెనక నుంచి మెడ మీద నరికి చంపారు. ఎవరన్నది తేలలేదు. పోలీసులు వచ్చారు, రెండు పూటలా కోడికూర తిని పోయారు. ఇక తేల్చాల్సింది ఆ ఇంటివాళ్లే. ఆ ఇంట్లో తండ్రి ఎప్పుడో పోయాడు, మిగిలిన ఇద్దరు కొడుకులకూ తల్లి మాటే తీర్పు. ఆమె ఎవరి పేరు చెబుతుందోనని ఊరంతా తలుపులు పెందలాడే వేసుకునేది.

నా భర్తది ఎడమచేతి వాటం. ఆయన కొడవలికి కమ్మరి పళ్లు రెండో వైపు కోయాల్సి వచ్చేది. పెళ్లికి ముందు మా అత్త ఈ సంగతి మావాళ్లకు చెప్పనేలేదు. అన్నం మాత్రం కుడిచేత్తో తినడం నేర్పించి మమ్మల్ని చక్కగా బోల్తా కొట్టించింది. నేనూ నవ్వుకుని ఊరుకున్నాను.

గుడారంలో మగవాళ్లు తెర ముందు, ఆడవాళ్లు తెర వెనక కూర్చునేవాళ్లు. మా వైపు రైతుల ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కళ్ల ముందు కూర్చోకూడదు. అందుకని గుడారం ఆయన గుడ్డ తెరను నీళ్లతో తడిపేవాడు. బొమ్మ ఈ వైపుకూ దిగేది. మాలో చాలామందికి అదే మొదటి సినిమా. కొడుకు పోయిన ఆ తల్లిని కూడా మనసు మళ్లుతుందని కోడళ్లు తీసుకొచ్చారు.

మళ్లిందే మనసు! ఆ సినిమాలో ఒక జమీందారు. దీపం ముందు కూర్చుని ఉంటాడు. వెనక పరదా కదులుతుంది, కత్తి పట్టుకున్న చేయి ఒక్కటే బయటికి వచ్చి మెడ మీద వేటు వేస్తుంది. మొహం కనబడదు. చివరికి ఆ నేరం మీద జమీందారు దివానును ఉరి తీస్తారు. కత్తి దిగినప్పుడు ఆ తల్లి కళ్లార్పకుండా చూసింది.

బండ్లలో తిరిగి వస్తూనే గొడవ మొదలైంది. దివానుకు ఉరి పడాల్సిందేనని మగవాళ్లన్నారు. వాడి మొహం చూస్తేనే అమాయకుడని తెలుస్తాదని మా అత్త ముక్కు చీదింది. పాటలు లేని సినిమాకు అంత దూరం ఎందుకు తీసుకొచ్చారని ఒకావిడ సాధించింది. అసలు పేచీ మాత్రం ఆ చేతి మీద వచ్చింది. మగవాళ్లు కుడిచేయి అన్నారు, ఆడవాళ్లం ఎడమచేయి అన్నాం. మొగుడూ పెళ్లాలు మాటలు మానేసేదాకా వచ్చింది. మా పక్కింటి మామ అయితే అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను పిలిచి మరీ కుడిచేయి అని ఒప్పించేవాడు. ఈయనకు పనీపాటా లేదా అని నాకు విసుగొచ్చేది.

మూడో రోజుకు మాట మా చెవిన పడింది. తన కొడుకును కొట్టింది ఎడమచేతివాడని దేవుడే తెర మీద చూపించాడని ఆ తల్లి అన్నదట. ఊళ్లో ఎడమచేతి వాటం నా భర్త ఒక్కడిదే. మర్నాటి నుంచి వాళ్ల జీతగాడొకడు మేముండే కొట్టం ఎదురుగా బీడీ కాలుస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏమీ అనడు, లేవడు. నా భర్త చేనికి పోతే తిరిగొచ్చేదాకా నా ప్రాణాలు నా దగ్గర ఉండేవి కావు.

నాకు నాలుగక్షరాలు వచ్చు. తెర మీద పేర్లు అద్దంలోలా తిరగబడి ఉండటం చూశాను. అంటే చేయి కూడా తిరగబడినట్టే కదా! చెబితే ఆడవాళ్లు నవ్వారు, సినిమా అక్షరాలు అట్లే ఉంటాయేమో అన్నారు. చివరికి ధైర్యం చేసి ఆ తల్లి దగ్గరికే వెళ్లాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అవ్వా, మనం చూసిండేది తిరగబడిన బొమ్మ. ఒక్కసారి ముందర కూచొని చూడు" అన్నాను.

ఆమె వచ్చింది. మొదటి ఆటకే, నన్ను పక్కన పెట్టుకుని, మగవాళ్ల మధ్యలో కూర్చుంది. వాళ్లు జరిగి చోటిచ్చారు. పరదా కదిలింది. కుడిచేయి. నేను మెడలో తాళి గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను.

ఆట అయ్యాక ఆమె నా తల నిమిరింది.

"కుడిచెయ్యే పాపా. నువ్వు చెప్పింది నిజమే. మొదట్నుంచీ కుడిచెయ్యని దారిన పొయ్యేవాళ్లందరికీ అరిచి చెప్పినోడు మీ పక్కింటోడు కదా?"

"ఆయప్ప ముందర కూచొని చూసినాడవ్వా."

"ముందర శానామంది కూచున్నారు. వాళ్లెవరూ అంతగా అరవలేదే. కొట్టినోడికి కాక అంత గట్టిగా ఎవరికి తెలుస్తాది?"

మర్నాడు జీతగాడు మా కొట్టం ముందు లేడు. మామ ఇంటి ఎదురుగా కూర్చున్నాడు. నేను పరుగెత్తి పోయి మామకు అంతా చెప్పాను. సినిమా చూసి మనుషుల్ని చంపుతారా ఎవరైనా అని ఆయన పడీపడీ నవ్వాడు. ఊరు వదిలి పొమ్మని నా భర్త కూడా బతిమాలాడు. వినలేదు. ఆ వారంలోనే చెనక్కాయ చేలో ఆయన శవం దొరికింది.

పలకరించడానికి వెళితే ఆయన భార్య నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నన్ను తిడుతుందనే అనుకున్నాను. తిట్టలేదు.

"మా ఆయన సినిమా యాడ చూసినాడమ్మా. ఆ పొద్దు గుడారంలో నిద్రపోయినాడు. ఎడమచెయ్యని ఆడోళ్లంతా అంటాండారని తెలిసి, మీ ఆయన కోసరమే అట్ల అరిచినాడు" అంది.