కరుణ కాలి పుండు

ఒక చిన్న మాటను ఆరేళ్లుగా మోస్తున్నాను. రెండే అక్షరాలు. ఇంట్లో దించుకోవడానికి చోటు లేక మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు.

మాది మైపాడు దగ్గర. రొయ్యల గుంటలకు ఏ పూట ఎంత మేత వేయాలో లెక్క కట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు. చూసి, తప్పులు చేసి నేర్చుకున్నాను. నా లెక్క తప్పదని పేరు. ఆ పేరే నన్ను చెడగొట్టిందేమో.

నా భార్య కరుణ పిక్క మీద పొక్కు లేచి పుండయింది. అంచులు ఊదారంగుకు తిరిగాయి. టౌనులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నర్సు ఆమెను లోపలి గదికి తీసుకెళ్లి కట్టు విప్పుతుంటే, ఆయన బల్ల దగ్గర నన్ను అడిగారు: ఆమెకు విరేచనాల్లో రక్తం పడుతోందా అని.

పడుతోంది. ఏడాదిగా. ఆ సంగతి ఆమె చెప్పుకున్నది నా ఒక్కడికే.

లేదు అన్నాను.

ఎందుకన్నాను? కాలికీ కడుపుకీ సంబంధం లేదు, ఈ లెక్కలోకి అది రాదు అనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. మా చర్చివాళ్లు ఇద్దరు వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్లు వింటారని సిగ్గుపడ్డాను. కాపాడుతున్నది ఆమె మర్యాదను అనుకున్నాను. కాదు, నాదే.

మామూలు పుండనుకుని ఆయన గీకి శుభ్రం చేశారు. పెరిగింది. మళ్లీ గీకారు. పిడికిలంత అయింది. కరుణ కొంగు పళ్ల మధ్య బిగించి నా చెయ్యి పట్టుకునేది. ఆ చేతిని నేనెలా ఇవ్వగలిగాను?

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ నన్ను బయటికి పంపి, ఆమెనే అడిగింది. కెమెరాతో చూస్తే పెద్దపేగులో పూత. కాలిది పయోడెర్మా గ్యాంగ్రినోసం అట. అరుదైన జబ్బు, పేగు జబ్బున్నవాళ్లకు రావచ్చు, గీకితే ఇంకా రేగుతుంది అన్నారు. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక మెల్లగా పూడింది.

తిరిగొచ్చే బస్సులో కరుణ నా భుజం మీద తల ఆనించింది.

“ముందటి డాక్టరు అడిగుంటే నేను చెప్పేదాన్నే గదయ్యా. అడగనే లేదు మారాజు.”

“నిజమే,” అన్నాను.

“నువ్వు మాత్రం ఏం జేస్తావులే. రొయ్యల కడుపు సంగతైతే తెలుసు గానీ.”

నవ్వింది. నేనూ నవ్వాను. ముందు అన్న అబద్ధం కంటే ఆ ‘నిజమే’ పెద్ద అబద్ధం. అప్పటికి నాకు అంతా తెలుసు.

ఇప్పుడు అక్కడ పలచటి మచ్చ మిగిలింది. కొబ్బరినూనె నేనే రాస్తాను, చర్మం రేగకుండా, వేలి కొసతో. చర్చిలో ఎవరికైనా పుండు లేచిందంటే కరుణ చెబుతుంది, ఆ డాక్టరు దగ్గరికి పోవద్దని, అడగాల్సింది అడగడని. మా ఆయన మాత్రం ఒక్కరోజు కూడా నన్ను విడిచి పోలేదని కూడా చెబుతుంది. నేను పక్కనే నిలబడి వింటాను.

ఆయన అడిగాడు కరుణా. లేదన్నది నేను.

ఈ మాట నీతో ఎప్పటికైనా అంటానో లేదో తెలియదు. రాయడమైతే రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.